ఎర్రమ్మ జబ్బు వెతుక్కుంటూ నెల్లూరు తీరం వెంట

మా బండికి ఒక గుణం ఉంది. మెకానిక్కుల ముందు ఆగదు.

మిగతా ఎక్కడైనా ఆగుతుంది. సంతలో ఆగింది, కాలవ గట్టు మీద ఆగింది, మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్తే సరిగ్గా ఊరేగింపుకు అడ్డంగా ఆగింది. ఇంజను రెండుసార్లు దగ్గినట్టు చేస్తుంది, బలం తగ్గుతుంది, ప్రాణం పోయినట్టు నిలబడిపోతుంది. పావుగంట ఓపిక పట్టి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్కు మొదట "పెట్రోలుందామ్మా?" అని మూత తీసి చూస్తాడు. ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తెచ్చి, "బ్రహ్మాండంగా ఉందండీ" అని తాళం చేతిలో పెడతాడు. ఆ మాట వెనక 'మీకే నడపడం రాదు' అన్న మాట నాకు వినిపిస్తూనే ఉంటుంది.

నాది తణుకులో టైలరింగు షాపు. పేరు నాగమణి. చిన్నప్పుడు మా వీధిలోకి ఎవరో రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్సు కారు వేసుకొచ్చారు. గుడ్డ టాపు వెనక్కి మడిచేసి, కారు నడుపుతున్నావిడ జుట్టు గాలికి ఎగురుతుంటే నోరు వెళ్ళబెట్టి చూశాను. అలాంటిది ఒకటి కొనుక్కోవడానికి నాకు యాభై దాటాయి. ముప్పై ఏళ్ళు పైబడిన బండి. కంపెనీ పేరు చెప్పను, ఆ కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదని మీకే తెలుస్తుంది. చిరిగిపోయిన టాపు తీసేసి కొత్త కాన్వాసు కొలతలు తీసి నేనే కుట్టాను. పేరు ఎర్రమ్మ అని పెట్టింది కూడా నేనే.

మా ఆయన రాంబాబు గారు పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన దాన్ని ఎర్రమ్మ అనరు, "నీ బండి" అంటారు.

ఒప్పందం

కార్తీక మాసంలో నేను ఒక్కదాన్నే తాడేపల్లిగూడెం వెళ్ళి లైనింగు గుడ్డ తెచ్చుకుంటూ ఉంటే, జోరు వానలో కాలవ రోడ్డు మీద బండి ఆగిపోయింది. ఫోనులో ఛార్జింగు లేదు. ఆ రోజు ఎంతకీ కదల్లేదు. చీకటి పడే వేళకి మా ఆయన గొడుగు కూడా లేకుండా స్కూటరు మీద వెతుక్కుంటూ వచ్చారు. నన్ను స్కూటరు ఎక్కించుకున్నారు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "అమ్మేద్దాం నాగమణీ" అన్నారు.

అప్పట్నుంచీ ఇంట్లో అదే మాట. చెన్నైలో పాత కార్లు పోగుచేసే ఒక పెద్దమనిషి దొరికాడు. బండి ఎలా ఉన్నా తీసుకుంటానన్నాడు. నేను ఏడ్చాను, అలిగాను, రెండు రోజులు కూరలో ఉప్పు తగ్గించాను. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. బండిని మేమే నడుపుకుంటూ చెన్నై తీసుకెళ్తాం. దారిలో, తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ దాటేలోపు, బండి ఎందుకు ఆగుతోందో నేను కనిపెడితే వెనక్కి తిప్పుకుని వచ్చేస్తాం. కనిపెట్టలేకపోతే చెన్నైలో తాళం ఇచ్చేసి రైల్లో వస్తాం.

శివరాత్రి వెళ్ళిన వారంలో బయలుదేరాం. బయలుదేరే ముందు మా ఆయన మామూలుగానే బండికి బొట్లు పెట్టారు. నాలుగు టైర్లకీ, స్టీరింగుకీ, బానెట్టు ముక్కుకీ, వెనక ఉన్న పెట్రోలు మూతకీ పసుపు గంధం కలిపిన ముద్ద, దాని మీద కుంకుమ. "పెట్రోలు మూతకి ఎందుకండీ?" అని నేను మొదట్లో అడిగితే, "అన్నం తినే నోరు అదే కదా" అన్నారు. కాదనడానికి ఏముంది? ఆయన ప్రతి శుక్రవారం ఆ పని చేస్తారు, ప్రయాణమైతే వారంతో పనిలేదు.

కావలి దాటాక

కుట్టు మిషను ఆగితే మేం ముందు సూది చూస్తాం, తర్వాత దారం, తర్వాత బాబిను. అన్నీ ఒకేసారి విప్పం. ఎర్రమ్మకి అప్పటిదాకా అన్నీ ఒకేసారి విప్పి అన్నీ మార్చారు. ప్లగ్గులు, కాయిలు, పెట్రోలు పంపు, అన్నీ కొత్తవే. జబ్బు మాత్రం పాతదే. ఈసారి నా పద్ధతిలో చూద్దామని ఒక స్పేరు ప్లగ్గు, స్క్రూడ్రైవరు, పాత గుడ్డలు సీటు కింద పెట్టుకున్నాను. ఇంజను నడవాలంటే కావలసినవి రెండే, నిప్పూ పెట్రోలూ. ఆగినప్పుడు ఆ రెంటిలో ఏది లేదో తెలిస్తే సగం పని అయినట్టే.

కావలి దాటిన కాసేపటికి ఎర్రమ్మ దగ్గింది. పక్కకి తీసి ఆపగానే బానెట్టు లేపి, ఒక ప్లగ్గు వైరు పీకి స్పేరు ప్లగ్గుకి తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించాను. "తిప్పండి" అని అరిచాను. మా ఆయన తాళం తిప్పారు. ప్లగ్గు మొన మీద నీలంగా, నిక్షేపంగా నిప్పు.

ఈలోగా బైకు మీద వెళ్తున్న ఒక జంట ఆగింది. వెనక కూర్చున్నావిడ ఒళ్ళో నిమ్మకాయల సంచి. ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏందన్నా, నిలిచిపోయిందా? మైలేజీ ఎంతిస్తాది?" అన్నాడు.

"నిలబడ్డ బండికి మైలేజీ ఏమిటి బాబూ" అన్నారు మా ఆయన.

"వేడికి అక్కా ఇది. కాయిలు కాగిపోయింటాది. మా ట్రాక్టరుకీ ఇట్టనే అయినాది" అన్నాడు నాతో. నిప్పు చూపించాను. ఒప్పుకోలేదు. వాళ్ళావిడ మాత్రం బండి దిగి, సీసాలో నీళ్ళకి నాలుగు నిమ్మకాయలు పిండి, ఉప్పేసి ఇచ్చింది. మా వైపు నిమ్మకాయ నీళ్ళంటే పంచదార పడాల్సిందే, ఇక్కడ ఉప్పుతోనే. ఆ ఎండలో అది ఎంత బాగుందో చెప్పలేను. తాగడం అయ్యేసరికి ఎర్రమ్మకి మళ్ళీ ఊపిరి వచ్చింది.

నెల్లూరు

ఊళ్ళోకి వస్తూనే ట్యాంకు నింపించి, బస్టాండు వైపు ఒక లాడ్జిలో దిగాం. లాడ్జి పక్కనే ఒకావిడ నడిపే చిన్న మెస్సు. భోజనం తొంభై, చేపల పులుసు వేరే. నేను పులుసు చెప్పగానే ఆవిడ, "ఈ రోజుదా, నిన్నటిదా అక్కా?" అని అడిగింది.

మా ఆయన మొహం చిట్లించారు. నిన్నటి కూర అమ్ముతూ పైగా అడుగుతోందేమిటని ఆయన బాధ.

"నిన్నటిది అయిపోతా ఉండాది. తినేవోళ్ళంతా దాన్నే అడగతారు. ముక్కకి పులుసు పట్టాలంటే రాత్రంతా నిలవుండాల" అందావిడ.

రెండూ వేయించుకున్నాం. కొత్త మామిడి పిందెల ముక్కలు పులుసులో మెత్తగా ఉడికి, చేప కన్నా అవే ముందు ఖాళీ అయ్యాయి. నిన్నటిదే గెలిచింది. మా గోదావరి జిల్లాల వాళ్ళం పులస పేరు చెప్పి లోకాన్ని చిన్నచూపు చూస్తాం కదా, మా ఆయన ఆ పూట పులస మాట ఎత్తలేదు. పొద్దున కారం దోసె తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, రెండోది కూడా చెప్పారు.

అది శుక్రవారం. ఆయన సంచిలోంచి గంధం డబ్బా తీసి ఎర్రమ్మకి బొట్లు పెట్టారు. అమ్మకానికి తీసుకెళ్తున్న ఆవుకి గడ్డి పెట్టినట్టు ఉందని నేను ఎద్దేవా చేశాను.

కృష్ణపట్నం దారి

పోర్టు చూడాలని నాకు సరదా. ఆ దారంతా లారీలే. ముందు లారీ, వెనక లారీ, పక్కన కంపెనీ బస్సు, మధ్యలో మా మోకాలెత్తు ఎర్ర బండి. టాపు మడిచేశాను. లారీల చక్రాలు మా తలలకన్నా ఎత్తులో తిరుగుతున్నాయి. మా ఆయన తలుపు పట్టుకుని కూర్చున్నారు. నాకు మాత్రం పాట పాడాలనిపించింది.

పాడేలోపే ఎర్రమ్మ దగ్గింది. రోడ్డు మధ్యలో ఆగింది. వెనక హారన్ల మోత. బొగ్గు లారీ డ్రైవరు ఒకతను దిగి వచ్చాడు, తిరువళ్ళూరు మనిషట, సగం తమిళం సగం తెలుగు. ఇద్దరు ముగ్గుర్ని కేకేసి బండిని తోయించి పక్కకి చేర్చాడు. "పెట్రోల్ల తన్నీ ఉందమ్మా, నీళ్ళు. ట్యాంకు కడగాల" అని తీర్పిచ్చి పోయాడు.

నేను అప్పటికే బానెట్టు కింద ఉన్నాను. నిప్పు మళ్ళీ నిక్షేపం. ఈసారి పెట్రోలు దారి చూశాను. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఇంజనులోకి వెళ్ళే ముందు ఒక చిన్న గాజు బుడ్డిలో వడకట్టుకుంటుంది. ఆ బుడ్డి ఎండిపోయి ఉంది. అడుగున చుక్క లేదు. ట్యాంకేమో నిండుగా ఉంది, పంపేమో కొత్తది. నేను చూస్తుండగానే, కాసేపటికి, బుడ్డిలో పెట్రోలు దానంతటదే సన్నగా దిగడం మొదలుపెట్టింది. నిండింది. తాళం తిప్పితే బండి మొదలైంది.

"దొరికిందండీ, పెట్రోలు రావడం లేదు" అని కేక పెట్టాను.

"ఎందుకు రావడం లేదు?" అన్నారు మా ఆయన.

అది మాత్రం ఇంకా దొరకలేదు. ఆయన తెల్ల చొక్కా మీద బొగ్గు పొడి చారలు చారలుగా పట్టింది. దులుపుకుంటే ఇంకా పూసుకుంది. ఆ దారి దాటేలోపు ఎర్రమ్మ ఇంకోసారి ఆగింది. రెండోసారి ఆగినప్పుడు ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, "నాగమణీ, ఇక్కడ కాబట్టి నలుగురూ ఉన్నారు" అని ఊరుకున్నారు. ఆయనకి కాలవ రోడ్డు గుర్తొచ్చిందని నాకు తెలుసు. చెన్నై ఇంక ఒక్క పూట దూరం. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

తూపిలిపాలెం

చుట్టు తిరిగి వాకాడు చేరాం. రోడ్డుకి అటూ ఇటూ వరి, అక్కడక్కడ కోతలు మొదలయ్యాయి. తారు మీదే సగం మేర వడ్లు ఆరబోశారు. మా వైపు కూడా ఆరబోస్తాం కానీ, ఇక్కడి వాళ్ళు వడ్ల చుట్టూ రాళ్ళు పేర్చి, మధ్యలో బండ్లకి సందు వదిలి, ఆ సందులో తప్పితే వేరే దారిన పోతే ఊరుకోరు. మా ఎర్రమ్మ సన్నగా ఉండబట్టి బతికిపోయాం.

తూపిలిపాలెం సముద్రం ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. రొయ్యలు కొందామని వెళ్తే కన్నమ్మ అని ఒకావిడ పరిచయమైంది. బుట్ట ముందు కూర్చుని ఉంది. కిలో మూడువందల యాభై అంది. నేను తగ్గించబోతే, పడవ దగ్గర పని చేసుకుంటున్న వాళ్ళాయన పోలయ్య, "మూడొందలకి ఇచ్చెయ్ లే, దూరం నుంచి వచ్చినారు" అన్నాడు.

"పట్టేది నువ్వు, అమ్మేది నేను. నీ పని చూస్కో" అందావిడ. ఈ తీరంలో పట్టిన సరుకు ఒడ్డు తగిలాక మగవాడికి దాని మీద నోరు లేదు. ధర ఆడవాళ్ళదే, డబ్బులు వేసి నడుముకి దోపుకునే చిక్కం సంచీ ఆడవాళ్ళదే. ఈ పద్ధతి నాకు మహా నచ్చింది. అడిగిన ధరే ఇచ్చాను.

పోలయ్య సాయంత్రం వలకి పోవడానికి సిద్ధమవుతున్నాడు. పడవ వెనక తగిలించే ఇంజను, దానికి రబ్బరు గొట్టంతో కలిసే విడి పెట్రోలు డబ్బా. మా బండి సంగతి విని, చేతులు పని చేస్తుండగానే వైద్యం చెప్పాడు.

"బ్యాటరీ అక్కా, ఇంకేం లేదు. మా బామ్మర్ది ఆటోకి ఇట్టే అయినాది. బ్యాటరీ మార్చినాడు, సరిపోయె."

నేను అతని మాట వినడం లేదు, చేతులు చూస్తున్నాను. డబ్బాని పడవలో దించాడు. దాని మూత మీద ఉన్న చిన్న మరను రెండు వేళ్ళతో వదులు చేశాడు.

"అదెందుకు వదులు చేశావు?" అన్నాను.

"గాలి పోవద్దా? ఒడ్డున మోసేటప్పుడు ఒలక్కుండా బిగిస్తాం. నీళ్ళలో దించినాక వదులు చేస్తాం."

"బిగించి మరిచిపోతే?"

పోలయ్య జవాబు చెప్పే లోపు కన్నమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "పెళ్ళైన కొత్తలో మరిచిపోయినాడు. అలలు దాటేదాకా బాగానే పోయినాడు, ఆడ నిలిచిపోయినాడు. కాసేపుంటే ఇంజను లేస్తాది, మళ్ళీ పడిపోతాది. ఒడ్డున ఊరంతా నిలబడి చూస్తా ఉండాం."

"ఎన్నేళ్ళు చెప్తావే ఆ మాట" అన్నాడు పోలయ్య.

నాకు వాళ్ళ మాటలు దూరంగా వినిపించాయి. కాసేపుంటే లేస్తుంది, మళ్ళీ పడిపోతుంది. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె ఎందుకు రాదో మన ఇళ్ళల్లో పసివాళ్ళకి కూడా తెలుసు, గాలికి రెండో చిల్లు పెట్టాలి. ట్యాంకు కూడా డబ్బాయే కదా. పెట్రోలు బయటికి వెళ్తుంటే దాని చోట్లోకి గాలి రావాలి, రాకపోతే పంపు ఎంత లాగినా చుక్క కదలదు. రొయ్యల సంచి మా ఆయన చేతిలో పెట్టి ఇసకలో పడుతూ లేస్తూ బండి దగ్గరికి పరిగెత్తాను.

మూత తీశాను. ఏ చప్పుడూ రాలేదు. తిప్పి చూశాను. కింద రబ్బరు, దాని మీద రేకు. పైన నున్నటి మూత, మధ్యలో మా ఆయన బొట్టు. చిల్లు ఎక్కడా లేదు. ఇలాంటి మూతకి గాలి దారి వేరే ఎక్కడైనా ఉంటుందేమో, ఉందో లేదో నాకేం తెలుసు? ఉసూరుమన్నాను.

కానీ ఆశ పూర్తిగా చావలేదు. గాలి అందకే ఆగుతున్న పక్షంలో, ఆగిన క్షణంలో మూత తీస్తే లోపలికి గాలి జుయ్యిమని లాక్కోవాలి, బండి వెంటనే లేవాలి. పరీక్ష చాలా తేలిక. బండి ఆగాలి, అంతే.

సూళ్లూరుపేట

ఆగలేదు. ఇన్నాళ్ళూ ఆగకూడదని దేవుళ్ళకి మొక్కుకున్న దాన్ని, ఆ సాయంత్రమంతా ఆగాలని మొక్కుకున్నాను. పులికాటు మీదుగా వేసిన రోడ్డెక్కాం. రెండు వైపులా చెరువు, మోకాలి లోతు నీళ్ళలో రాజహంసలు తలలు ముంచి ఏరుకుంటున్నాయి. ఒక గుంపు ఒక్కసారిగా లేచింది. లేచేదాకా తెల్లగా ఉన్నవి రెక్కలు విప్పగానే లోపల ఎర్రగా కనబడ్డాయి. మా ఆయన "అబ్బ" అన్నారు. ఆయన అబ్బ అనగా నేను వినడం చాలా అరుదు. ఎర్రమ్మ ఆ రోడ్డు మీద కొత్త పెళ్ళికూతురిలా బుద్ధిగా నడిచింది. నాకు ఒళ్ళు మండింది.

సూళ్లూరుపేటలో, కన్నమ్మ దగ్గర కొన్న రొయ్యల్ని లాడ్జి పక్క హోటల్లో ఇస్తే వేపుడు చేసి పెట్టారు. హోటలాయనకి మా గోల చెప్పాను. "రాకెట్టు పోయే రోజు మా గ్లాసులన్నీ గలగలమంటాయమ్మా. ఆ రోజు ఊళ్ళో అందురూ ఆకాశం కల్లా చూస్తా ఉంటారు. పోయినాక గానీ టీ తాగరు" అన్నాడు. "మీ బండి కూడా దాని టయానికి అది ఆగతాది. తొందరపడమాకండి."

మర్నాడు పొద్దున చెరువు మీంచి మంచు దట్టంగా వచ్చింది. నేను స్నానం చేసి కిందికి వచ్చేసరికి మా ఆయన బండి వెనక నిలబడి ఉన్నారు. ఏం చేస్తున్నారంటే, టైర్లు చూస్తున్నానన్నారు. ఇద్దరం బయలుదేరాం. తడ ఎంతో దూరం లేదు.

తడకి ఇవతల

తడ బోర్డు కనబడుతోంది. మా ఆయన ఫోను తీసి చెన్నై పెద్దమనిషి నంబరు వెతుకుతున్నారు, మధ్యాహ్నానికి వస్తామని చెప్పడానికి. నాకు కళ్ళు మసకలయ్యాయి. అప్పుడు ఎర్రమ్మ దగ్గింది.

దగ్గింది, గుంజింది, ఆగింది.

బండి పూర్తిగా ఆగకముందే నేను దూకేశాను. వెనక్కి పరిగెత్తి మూత పట్టుకుని తిప్పితే రాలేదు. లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసిపోయింది. రెండు చేతులూ వేసి తిప్పాను. ఊడింది. ఉస్స్‌మని ట్యాంకు గాలి పీల్చుకుంది. రోడ్డు మీద లారీలు పోతున్నా ఆ చప్పుడు మా ఇద్దరికీ వినబడింది.

"తిప్పండి" అన్నాను. ఆయన తాళం తిప్పారు. పావుగంట లేదు, క్షణం లేదు. ఎర్రమ్మ ఒక్క తిప్పుకి లేచింది.

నేను రోడ్డు పక్కన ఎగిరాను. నిజంగానే ఎగిరాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చీర కుచ్చిళ్ళు పట్టుకుని గెంతుతుంటే చూసి ఒక కంపెనీ బస్సులో వాళ్ళు చేతులూపారు. "గాలండీ, గాలే. గాలి అందడం లేదంతే. మూతకి గాలి దారి లేదు" అంటూ అదే మాట ఎన్నిసార్లు అన్నానో.

మా ఆయన బండి దిగి వచ్చారు. నా చేతిలో మూత తీసుకుని దాని వంకే చూస్తున్నారు. మధ్యలో తడి ఆరని బొట్టు మెరుస్తోంది. శనివారం పొద్దున తడి బొట్టు ఎక్కడిదని నాకు అప్పుడు తట్టింది.

ఆయన బొటనవేలి గోరుతో బొట్టు గీకారు. కింద ఇంకో బొట్టు. అదీ గీకారు.

"నాగమణీ, పిన్నీసియ్యి" అన్నారు.

నా గాజులకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతుంటాయి, టైలరుని కదా. ఒకటి తీసి ఇచ్చాను. ఆయన మూత మధ్యలో గుచ్చి తిప్పారు. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు, పొరలు పొరలుగా గట్టిపడిన ముద్ద ఊడి వచ్చింది. చివరికి పిన్నీసు మొన లోపలికి దిగి, అవతల రేకు కింద తేలింది. అక్కడ చిల్లు ఉంది. బండి చేసినవాడు గాలి కోసం పెట్టిన చిల్లు.

"చిన్న గుంటలాగా ఉంది. బొట్టు కుదురుగా నిలుస్తుందని అందులోనే పెట్టేవాణ్ణి. ఇది దీనికోసమే పెట్టారనుకున్నాను" అన్నారు.

ఎంతమంది మెకానిక్కులు ఆ మూత తిప్పారు. నేను నిన్ననే కళ్ళు చిట్లించి చూశాను. బొట్టున్న చోటు బొట్టుకోసమే అనుకుంటాం మనం. దాని కింద ఏముందో ఎవరం చూడం. పైగా ప్రతి మెకానిక్కూ పెట్రోలు చూడ్డానికని మూత తీసి ట్యాంకుకి గాలి పట్టించేవాడు, ఇక వాడి ముందు బండి ఎందుకాగుతుంది?

"ఇన్ని పొరలేవిటండీ, శుక్రవారం శుక్రవారమే కదా పెట్టేది?"

ఆయన పిన్నీసుని చొక్కాకి తుడుస్తూ నిలబడ్డారు. "కాలవ రోడ్డు మీద ఆగిన దగ్గర్నుంచి రోజూ పెడుతున్నాను. నువ్వు లేవకముందు. టైర్లకి పెడితే నువ్వు చూస్తావని, వెనక దానికొక్కదానికే."

"అమ్మేద్దామన్న మనిషి రోజూ పూజ చేయడమేవిటి?"

"అమ్మేదాకా నడిపేది నువ్వే కదా. ఆ రోజు వానలో ఆ రోడ్డంతా వెతికాను నాగమణీ. ప్రతి మలుపులో నువ్వు ఉంటావనుకున్నాను, లేవు. నాకు చేతనైంది ఇదొక్కటే."

మరి ఆగిన కొద్దీ బొట్టు పెట్టారు, పెట్టిన కొద్దీ అది ఆగింది. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. రోడ్డని కూడా చూడకుండా ఆయన కుంకుమ అంటిన చేతిని పట్టుకున్నాను. ఇంతగా ప్రేమిస్తారని ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోటితో చెప్పలేదు, ఆ మూతలో దొరికింది నాకు.

చెన్నైకి ఫోను ఆయనే చేశారు. స్పీకరు పెట్టారు.

"సార్, బండి ఇవ్వడం లేదండీ. జబ్బు దొరికింది."

"అలాగా. ఏమిటి జబ్బు?" అన్నాడాయన అవతల్నుంచి.

మా ఆయన నా వైపు చూశారు. "భక్తి ఎక్కువైందండీ" అని పెట్టేశారు.

తడ బోర్డు ముందే బండి వెనక్కి తిప్పాం. తిరుగు ప్రయాణంలో నెల్లూరులో ఆగి, నిన్నటి పులుసు అడిగి మరీ తిన్నాం. తణుకు దాకా ఎర్రమ్మ ఎక్కడా దగ్గలేదు.

బొట్టు ఇప్పుడూ పెడుతున్నారు. చాటుగా కాదు, నా ముందే. చేయి చాపి పిన్నీసు అడుగుతారు, చిల్లు శుభ్రం చేసి నోటితో గాలి ఊదుతారు, దానికి కాస్త పక్కగా బొట్టు పెడతారు. "ఎర్రమ్మా, జాగ్రత్త" అనడం కూడా ఒకసారి విన్నాను.

పోయిన వారం నేను ఒక్కదాన్నే తాడేపల్లిగూడెం వెళ్ళి లైనింగు గుడ్డ తెచ్చుకున్నాను, అదే కాలవ రోడ్డు మీద, టాపు తీసేసి. సాయంత్రం వీధిలోకి తిరిగేసరికి, మా ఆయన స్కూటరు గేటు బయటికి తీసి దాని మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళకి చెప్పులు, హ్యాండిలుకి గొడుగు.

"ఎక్కడికండీ బయలుదేరారు?" అన్నాను బండి ఆపి.

"ఎక్కడికీ లేదు" అన్నారు, స్కూటరు లోపలికి తోసుకుంటూ. "దీనికి కూడా కాస్త గాలి తగలాలి కదా."